గిజిగాడి మీద ఫిర్యాదు

మా చుట్టాల ఇళ్ళలో నా గురించి ఒక జాగ్రత్త ప్రచారంలో ఉంది. నేను వస్తున్నానని తెలియగానే ముందు కంప్యూటర్ మూసేస్తారు, ఆ తర్వాతే తలుపు తీస్తారు. మా తోటికోడలైతే ఒకసారి ల్యాప్‌టాప్‌ని దుప్పట్ల బీరువాలో దాచేసింది. దాచితే ఊరుకుంటానా? ఇంత ఎండల్లో బీరువాలోని దుప్పట్లన్నీ మంచం మీద ఎందుకున్నాయని అడిగి మరీ పట్టుకున్నాను. ఆవిడ టీ కాచి తెచ్చేలోపు అందులో గిజిగాడు ఎక్కించేశాను.

గిజిగాడు అంటే రాసుకునే సాఫ్ట్‌వేర్. ఉచితం. పెద్ద కంపెనీల సరుకులాగా తెర నిండా బొత్తాలుండవు. తెరిస్తే తెల్లటి కాగితం, పక్కన సన్నటి పట్టీ, అంతే. తోచినదాన్ని తోచినట్టు ముక్కలు ముక్కలుగా రాసి పడేస్తే, తర్వాత తీరిగ్గా వాటిని అటూ ఇటూ జరిపి గూడు అల్లుకోవచ్చు. దానికి ఆ పేరు అందుకే వచ్చింది. దాని సుగుణాలు చెప్పడం మొదలుపెడితే నాకు ఊపిరి సలపదు, వినేవాళ్ళకి పని గుర్తొస్తుంది. మావారు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆ అలవాటుకొద్దీ, నేను నలుగురిలో గిజిగాడి ఊసెత్తగానే ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కుతుంది. ఆ బ్రేకు నా మీద ఇంతవరకూ పనిచెయ్యలేదు.

నేను ఫ్రీలాన్స్ రచయిత్రిని. మా అత్తగారి లెక్కలో ఎవరు పిలిస్తే వాళ్ళకి రాసిపెట్టే మనిషిని. గీజర్ పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం, పళ్ళపొడి డబ్బా వెనక నాలుగు వాక్యాలు, కొత్త కంటి ఆసుపత్రివాళ్ళు పంచే కరపత్రం, ఇలా ఎవరూ చదవని సాహిత్యమంతా నాదే. గీజర్ చెడిపోతే కూడా జనం ఆ పుస్తకం తెరవరు, నేరుగా మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. ఏళ్ళ తరబడి అలా గాలికి రాస్తూ రాస్తూ గిజిగాడి ఫోరంలో పడ్డాను. అక్కడ సాయం పేజీలు రాసేవాళ్ళు కావాలంటే చెయ్యెత్తాను. పోయిన ముక్కని వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో ఒక పేజీ రాసి పెట్టాను. మర్నాడు ఎవరో దాని కింద "మీరు చెప్పినట్టే చేశాను, వచ్చేసింది!" అన్నారు. నేను రాసింది ఒక మనిషి చివరిదాకా చదివారు! ఆ రోజు నేను వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి ఊరికే తిరిగాను.

ఫోరంలో ఎవరి అసలు పేర్లూ ఎవరికీ తెలియవు. నా పేరు కొసరు, ఏం రాసినా చివర ఇంకో వాక్యం తగిలించకుండా ఉండలేను కాబట్టి. అరసున్న అనే ఆవిడ ప్రూఫులు దిద్దుతుంది, మా కబుర్లలో అచ్చుతప్పులు కూడా వదలదు. పడక్కుర్చీ ఒక నవల రాస్తున్నాడు, ఏళ్ళుగా మొదటి అధ్యాయమే రాస్తున్నాడు. గంపెడాశకి సాఫ్ట్‌వేర్‌లో రోజుకొక కొత్త సదుపాయం కావాలి. వీళ్ళందరి మీదా మేస్త్రి. గిజిగాడిని ఒంటిచేత్తో కట్టిందీ, ఇప్పటికీ మరమ్మతులు చేసేదీ ఆయనే. ఎక్కడుంటాడో, తిండికోసం ఏం పని చేస్తాడో ఎవరికీ తెలియదు. ఈమెయిల్ చిరునామా కూడా ఇవ్వలేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఫోరంలో కొత్తగా ఏం రాయాలన్నా ఫిర్యాదుగానే రాయాలి. దానికి మూడు గడులు: ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. ఈ మూడూ నింపకపోతే ఒక జల్లెడలాంటి ప్రోగ్రాం ఆ రాతని మనుషుల కంట పడకముందే చెత్తబుట్టలో పడేస్తుంది. మొదట్లో హాయ్‌లూ శుభోదయాలూ వరదలా వచ్చిపడి, అసలు లోపాలు వాటి అడుగున పడిపోయేవట. అందుకని ఆ కట్టడి. మేమేం తక్కువ తిన్నామా? ఎవరో ఒకరు అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని ఫిర్యాదు పెట్టేవాళ్ళు, మేస్త్రి దాన్ని చూసి మూసేసేవాడు, ఆ మూసేసినదాని కింద జవాబుల్లో మా కబుర్లు సాగేవి. పడక్కుర్చీ మోకాలి ఆపరేషనూ, అరసున్న కూతురి పరీక్షలూ, నా గీజర్లూ అన్నీ ఆ చిన్న అక్షరాల కిందే ఉన్నాయి. మేస్త్రికి ఈ సంగతి తెలియదు. ఒకసారి మూసిన ఫిర్యాదు మొహం ఆయన మళ్ళీ చూడడు.

ఆయన మూసే పద్ధతి కూడా చెప్పాలి. రెండే జవాబులు. ఒకటి, "లోపమే. సరిచేశాను." రెండోది, "ఇది లోపం కాదు. ఇలాగే ఉండాలి." నేను కొత్తలో, రాస్తుంటే ఎన్ని పదాలయ్యాయో తెర మీద కనిపించడం లేదని ఎంతో మర్యాదగా ఫిర్యాదు పెట్టాను. ఇది లోపం కాదు, ఇలాగే ఉండాలి అని మొహాన కొట్టాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ పదాలు లెక్కపెట్టుకోవడం మానేశాక నా వాక్యాలు కుదురుగా వస్తున్నాయని కొన్నాళ్ళకి ఒప్పుకోక తప్పలేదు. ఆ మాట మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. కూరలో ఉప్పు తగ్గిందని మావారంటే నేనూ, చొక్కా బొత్తాం ఊడిందని నేనంటే ఆయనా అదే జవాబు చెప్పుకుంటాం.

ఇలా సుఖంగా ఉండగా ఒక సోమవారం పొద్దున టీ కప్పుతో వచ్చి కూర్చుని ఫోరం తెరిస్తే, పైన ఎర్రటి పెట్టెలో మేస్త్రి ప్రకటన ఉంది.

"ఈ ఆదివారంతో గిజిగాడి పని ఆపేస్తున్నాను. ఫోరం కూడా మూసేస్తాను. ఇన్నేళ్ళలో ఇది బాగుందని ఒక్కరు రాసినట్టు నాకు గుర్తులేదు. ఎవరికీ పనికిరానిదాన్ని పట్టుకు వేలాడుతున్నానేమో అనిపిస్తోంది. మీ రాతలు వేరే చోట భద్రం చేసుకోండి."

మేస్త్రి చెయ్యి తీసేస్తే, కంప్యూటర్లలో తర్వాత వచ్చే మార్పుకే గిజిగాడు తెరుచుకోవడం మానేస్తుంది. రాతలంటారా, వాటిని ఇంకోచోటికి మోసుకుపోవచ్చు. మనుషుల్ని ఎక్కడికి మోసుకుపోను? అరసున్న అసలు పేరేమిటో కూడా నాకు తెలియదు. ఫోరం మూస్తే వీధిలో ఎదురుపడ్డా గుర్తుపట్టను.

వెంటనే కూర్చుని పొడుగాటి విన్నపం రాశాను. గీజర్ల పుస్తకానికి కూడా అంత మనసు పెట్టి ఉండను. పంపించగానే తెర మీద చిన్న అక్షరాలు పడ్డాయి: "మూడు గడులూ నింపలేదు. తీసేశాం."

చిన్న అక్షరాల ఫిర్యాదు కిందికి పరిగెత్తాను. అక్కడ అప్పటికే సంత.

"నాదీ తీసేసింది," అన్నాడు పడక్కుర్చీ.

"నేను రెండుసార్లు రాశాను. రెండూ పోయాయి," అంది అరసున్న. ఆ కంగారులో ఆవిడ రాసిన మాటల్లో రెండు అచ్చుతప్పులున్నాయి. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది.

సరే, గడులే కదా కావాలి అనుకుని ఫిర్యాదుగానే పెట్టాను. ఏం చేశాను: ఆపొద్దని బతిమాలాను. ఏం జరగాలి: మేస్త్రి ఆగిపోకూడదు. ఏం జరిగింది: ఆపేస్తానంటున్నారు. ఈసారి జల్లెడ దాటింది. టీ పూర్తిగా చల్లారకముందే మేస్త్రి జవాబొచ్చింది.

"ఇది లోపం కాదు. ఇలాగే ఉండాలి."

ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్న మాట. ఆ పూట మాత్రం నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కప్పు బల్ల మీద ఠంగుమని పెట్టాను.

మావారు బూట్లు తొడుక్కుంటూ అన్నారు, "పోనీలే, ఇంకో సాఫ్ట్‌వేర్ చూసుకుందువు. ప్రపంచం గొడ్డుపోలేదుగా."

"మీ కారు పోతే ఇంకో కారు కొనుక్కుంటారు. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు రోడ్డు మీద చెయ్యూపుతారే, వాళ్ళందర్నీ ఎక్కడ కొనుక్కుంటారండీ?"

ఆయన వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టారు. నిజానికి ఆయన మంచివారు, బ్రేకు ఒక్కటే కాస్త ఎక్కువ.

మా అత్తగారు ఆ సంబడమంతా తన గదిలోంచి వింటూనే ఉన్నారు. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలోనే చేశారు. ఫోన్ మూగబోయిందనీ, గరగరమంటోందనీ ఊరంతా వచ్చి ఆవిడ చెవిలోనే అరిచేది. రిటైరయ్యాక ఇప్పుడు తన వంతని, చెత్తబండి మీదా, వీధి దీపాల మీదా పత్రికలకి ఫిర్యాదులు రాస్తుంటారు. రాసేది గిజిగాడిలోనే. ఎవరు ఎక్కించారో వేరే చెప్పక్కర్లేదు.

"ఏమే, ఎందుకు ఏడుస్తున్నావ్?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అంతా చెప్పాను.

"బాగుందని ఒక్కళ్ళూ చెప్పలేదన్నాడా? పిచ్చి సన్నాసి. ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుని పొగడ్త కోసం చూస్తే ఎక్కణ్ణుంచి వస్తుందే? మా ఆఫీసుకి ఎవరైనా ఫోన్ చేసి, అమ్మా మా ఫోన్ పనిచేస్తోందని చెబుతారా?"

"చెప్పరు కదా అత్తయ్యా."

"ఒకావిడ చెప్పింది." ఆవిడ మొహం విచ్చుకుంది. "మూగబోయిన లైను బాగుచేయించాం. సాయంత్రం అదే నంబరునుంచి మళ్ళీ ఫోను. చచ్చాంరా, మళ్ళీ పోయింది కాబోలు అనుకుని ఎత్తాను. 'ఏం లేదమ్మా, పనిచేస్తోంది, మా చెల్లెలితో ఇప్పుడే మాట్లాడాను, మీకు చెబుదామని చేశాను' అంది. అటువంటి ఫిర్యాదుకి మా దగ్గర జవాబే లేదు! ఒక్క నిమిషం ఉండమ్మా అని, రిసీవర్ పక్క సీటావిడకిచ్చాను. ఆవిడ విని ఇంకో ఆవిడకిచ్చింది. చివరికి మా సూపర్వైజర్ దాకా వెళ్ళింది. ఆ మహాతల్లి అందరికీ ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అదే మాట చెప్పింది. ఆ వారమంతా ఎవరెంత అరిచినా మాకు కోపం రాలేదే."

నాకు ఒకటి గుర్తొచ్చింది. పోయిన ముక్క దొరికిందని ఒకసారి నేను మేస్త్రికి ధన్యవాదాలు రాశాను. గడులు లేవని జల్లెడ తీసిపారేసింది. ఇదెక్కడి మనిషని విసుక్కుని, మళ్ళీ ఎప్పుడూ రాయలేదు. చిన్న అక్షరాల కిందికి వెళ్ళి అడిగాను: మీలో ఎవరైనా ఎప్పుడైనా మేస్త్రికి బాగుందని రాశారా?

"రాశాను. తీసేసింది."

"నేను కొత్తలో ఒక పద్యం కూడా రాశాను. తీసేసింది."

"నాకు తీసేశామని నోటీసొస్తే, ఆయనకి పొగడ్తలు గిట్టవేమో అనుకున్నాను," అంది అరసున్న.

అంటే ఇన్నేళ్ళూ మేం చెబుతూనే ఉన్నాం. ఆయన కట్టిన గోడే వాటిని లోపలికి రానివ్వలేదు, ఆ గోడ కట్టిన సంగతి ఆయనే మరిచిపోయాడు. నాకు నవ్వొచ్చింది, జాలేసింది, కోపం కూడా వచ్చింది. కళ్ళు తుడుచుకుని కొత్త ఫిర్యాదు తెరిచాను.

"ఏం చేశాను: నీళ్ళ మోటారు పుస్తకం రాస్తుంటే కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

ఏం జరగాలి: మధ్యాహ్నమంతా రాసింది గంగలో కలవాలి. నేను నెత్తీ నోరూ కొట్టుకోవాలి.

ఏం జరిగింది: కరెంటొచ్చాక చూస్తే ఒక్క అక్షరం పోలేదు. సగంలో ఆగిన వాక్యం సగంలోనే నా కోసం చూస్తోంది. నెత్తి కొట్టుకోవలసిన టైములో టీ పెట్టుకున్నాను.

కొసరు: బాగుందని ఎవరూ రాయలేదన్నారు. అందరం రాశాం. గడులు నింపలేదని మీ జల్లెడ పారేసింది. మీ చెత్తబుట్ట ఒకసారి తెరిచి చూడండి."

పంపించాను. జల్లెడ దాటింది. మూడు గడులూ నిండుగా ఉంటే దానికేం అభ్యంతరం?

ఇక చూడాలి. ముందు మా అత్తగారే నన్ను పక్కకి తోసి కూర్చున్నారు. "ఏం చేశాను: చెత్తబండి మీద పత్రికకి రాస్తూ కోపంలో మొత్తం చెరిపేశాను. ఏం జరగాలి: పోవాలి, నా బీపీ పెరగాలి. ఏం జరిగింది: ఒక్క బొత్తాం నొక్కితే తిట్లతో సహా వెనక్కి వచ్చింది." పక్కా ఉద్యోగి కదా, ఒక్క మాట వృథా చెయ్యలేదు.

ఆ తర్వాత పడక్కుర్చీ. "ఏం చేశాను: మొదటి అధ్యాయం మళ్ళీ మార్చాను. ఏం జరగాలి: నా మీద నాకే విసుగు పుట్టాలి. ఏం జరిగింది: పాత ప్రతులన్నీ వరసగా ఉంటే మొదటినుంచీ చదువుకున్నాను. నిజంగానే మెరుగవుతూ వచ్చింది. ఇవాళ రెండో అధ్యాయం మొదలుపెట్టాను." ఫోరంలో అందరం ఎగిరి గంతేశాం.

గంపెడాశ రాసింది చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "ఏం చేశాను: గిజిగాడిలో ఇంకేం కావాలా అని పొద్దున్నించీ ఆలోచించాను. ఏం జరగాలి: ఏదో ఒకటి తట్టాలి. ఏం జరిగింది: ఏమీ తట్టలేదు."

మర్నాటికి మాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు, ఊరికే వాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు. డ్యూటీ మారేటప్పుడు దొరికే కాస్త తీరికలో కథలు రాసుకునే నర్సు ఒకామె. ఎడమచేత్తో మాత్రమే టైపు చెయ్యగలిగే లెక్కల మాస్టారు ఒకాయన. వాళ్ళ నాన్నకి మాట పడిపోతే, ఆయన చెప్పాలనుకున్నవన్నీ గిజిగాడి తెల్లకాగితం మీద ఒక్కో అక్షరం నొక్కి చెబుతున్నాడని ఒకమ్మాయి రాసింది. "ఏం జరగాలి" అన్న గడిలో ఆ అమ్మాయి "మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి" అని పెట్టింది. మూడో గడిలో "నాన్న జోకులు వేస్తున్నారు" అని ఉంది. అది చదివి అరసున్న ఒక్క తప్పు కూడా దిద్దలేదు.

మేస్త్రి మాత్రం పలకలేదు. ఒక్క ఫిర్యాదూ మూయలేదు. ఎర్ర పెట్టె అలాగే ఉంది. బుధవారం పోయింది, శుక్రవారం పోయింది. నేను పళ్ళపొడి డబ్బా మీద "మృదువైన నురగ" అని రాయబోయి "మృదువైన మేస్త్రి" అని రాశాను.

ఆదివారం పొద్దున ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. నేను బల్ల ముందు, అత్తగారు పక్క కుర్చీలో కళ్ళజోడు సవరించుకుంటూ, ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తూ. కంప్యూటర్ టింగుమంది. నా ఫిర్యాదుకి జవాబు.

"ఇది లోపం కాదు. ఇలాగే ఉండాలి."

"అయిపోయింది అత్తయ్యా. మళ్ళీ అదే మాట."

"ఉండవే. దేనికి అన్నాడు ఆ మాట?" ఆవిడ వంగి మళ్ళీ చదివారు. "కరెంటు పోయినా ఒక్క అక్షరం పోలేదన్నావు. ఇలాగే ఉండాలి అంటున్నాడు. సరిగ్గానే అన్నాడు కదే!"

అంతలో టింగు, టింగు, టింగు. పడక్కుర్చీ రెండో అధ్యాయానికి, ఇలాగే ఉండాలి. గంపెడాశకి ఏమీ తట్టకపోవడానికి, ఇలాగే ఉండాలి. అత్తగారి తిట్లకి, ఇలాగే ఉండాలి. నాన్న జోకులు వేస్తున్న ఆ ఇంటికి, ఇది లోపం కాదు, ఇలాగే ఉండాలి. ఒక్కొక్కటీ వస్తుంటే మావారు పేపరు కింద పడేసి వచ్చి మా వెనక నిలబడ్డారు. ఆయన కుడికాలు నేల మీద హాయిగా ఉంది.

అన్నిటికన్నా చివర ఇంకొకటి వచ్చింది. సోమవారం నేను మొదట పెట్టిన ఫిర్యాదు, ఆపేస్తానంటున్నారు అన్నది. ఆయన ఎప్పుడో మూసేసిన ఫిర్యాదు. మూసినదాని మొహం చూడని మనిషి దాన్ని మళ్ళీ తెరిచాడు. పాత జవాబు కొట్టేసి, కింద కొత్తది రాశాడు.

"లోపమే. నేను పెట్టిన జల్లెడలోనే ఉంది. చెత్తబుట్ట మొత్తం చదివాను, వారం పట్టింది. సరిచేశాను."

ఫోరం పేజీ పైకి వెళ్ళి చూశాను. ఎర్ర పెట్టె లేదు.

చదవమ్మా చదువు అని మావారు తొందరపెడుతున్నారు. ల్యాప్‌టాప్ ఎత్తి అత్తగారి చేతుల్లో పెట్టాను. ఆవిడ చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కొడుకు చేతికిచ్చారు. ఆయన పైకి చదివారు. చదవడం అయ్యాక మళ్ళీ నా చేతికిచ్చారు. నేను చదివి మళ్ళీ అత్తగారికిచ్చాను.